ఊరికే రాయబడును

మా వనపర్తి ఇంటి కింద కొత్తగా కుట్టు మిషన్ల దుకాణం పెడుతున్నారు. ఈ పొద్దున కిటికీ తెరవగానే రంగు వాసన గుప్పుమంది. ఎనామిల్ రంగు, అందులో కలిపిన కిరోసిన్, ఎండకు కాగుతున్న రేకు షట్టరు, అన్నీ కలిసిన వాసన. మల్లెపూలు చూస్తే కొందరికి ఎవరెవరో గుర్తొస్తారట. నాకు మాత్రం ఈ వాసనకు మా ఉరుకుందక్క గుర్తొస్తుంది. తొంగి చూశాను. పెయింటరు నిచ్చెన మీద నిలబడి "అన్ని రకముల జాకెట్లు కుట్టబడును" అని రాసి, ఆఖరి అక్షరానికి కొమ్ము దిద్దుతున్నాడు. ఆ "బడును" చూసి ముందు నవ్వొచ్చింది. నవ్వు ఆగకముందే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. గద్వాల నుంచి ఒక పెద్దమనిషి. ఆయనకు బియ్యం మిల్లులున్నాయి, కాబట్టి మిల్లు సావుకారి అంటాను, పేరుతో మనకు పని లేదు. "అమ్మా, మన ఉరుకుందమ్మ పోయి ఏడాది అయితున్నది గదా. మా సంఘం తరఫున ఆమె యాదిల సంచిక తెస్తున్నం. నువ్వొక వ్యాసం రాయాలె. మీ అక్కే గదా, ఊరికే రాసియ్యి. నీ పేరు పెద్దగ ఏస్తం" అన్నాడు. సాయంత్రం చెబుతానని పెట్టేశాను. ఇదెక్కడి ఇరకాటం చూడండి! ఊరికే రాస్తానంటే అక్కకు నచ్చదు. ఊరికే రాయనంటే అక్క గురించి రాయడానికి కూడా కూలి అడిగిందని గద్వాలంతా చెప్పుకుంటారు. రాతనే బతుకుగా పెట్టుకున్న దాన్ని, ఎప్పుడు ఊరికే రాయాలి, ఎప్పుడు రాయకూడదు అన్నది నేర్పిన మనిషి గురించే నాకు ఈ పరీక్ష వచ్చింది.

ఆమెను మీరు చూడలేదు కాబట్టి మొదటినుంచీ చెబుతాను. నేను కల్వకుర్తి పిల్లను. చదువైపోయాక నాగర్‌కర్నూల్ నుంచి వచ్చే ఒక చిన్న పత్రికకు రాసేదాన్ని. పైసా ఇచ్చేవారు కాదు. "ముందు పేరు రానీ అమ్మా, పైసలు వాటంతట అవే వస్తయి" అనేవారు. పేరు వస్తూనే ఉంది, నేను బస్సు చార్జీలకు మా అమ్మ ముందు చెయ్యి చాస్తూనే ఉన్నాను. ఒకసారి నేతపని వాళ్ల గురించి రాద్దామని గద్వాల వెళ్లాను. పాత బస్టాండు దగ్గర బజ్జీల దుకాణం మీద, రంగు వాసన ఇంకా పోని ఒక బోర్డు కనిపించింది. "పెండ్లి పత్రికలు, సన్మాన పత్రములు, ప్రసంగములు, మైకు ప్రచారములు ఊరికే రాయబడును" అని ఉంది. నాలాంటి పిచ్చిది ఇంకొకతె ఉందన్నమాట అనుకుని, సంతోషంగా మెట్లెక్కాను.

పైన చిన్న గది. బల్ల వెనక ఒక పొట్టి మనిషి, కళ్లద్దాలకు దారం కట్టుకుని, సోంపు నములుతూ కూర్చుంది. తలెత్తకుండానే "ఏం కావాలె పిల్లా, పెండ్లి పత్రికనా?" అంది. "కాదక్కా, మీరు గూడ ఊరికే రాస్తరా? నేను గూడ ఉత్తగనే రాస్త" అన్నాను, మనమూ మనమూ ఒకటే అన్నట్టు. ఆమె నవ్వింది చూడండి! కళ్లద్దాలు తీసి, కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వింది. "అయ్యో పిల్లా! నేను రాయమన్నది ఊరికే రాయబడదు అని. ఆ పెయింటరు తాత బతుకంత బడును, బడును అని రాసినోడు. అమ్మబడును, కుట్టబడును, అద్దెకు ఇవ్వబడును. బడదు అనే మాట ఆయన చేతికి ఎన్నడు రాలే. కుంచె దానంతట అదే బడును కాడికి పోయింది."

"మరి దిద్దిచ్చుకోలే?" అన్నాను. "ఎందుకు? మల్ల సదువు, తప్పేమున్నది? ఊరికే రాయబడును. ఊరికే. అంటే ఊరికైతేనే" అంది. నేను నోరు తెరిచాను. పుట్టినప్పటినుంచీ మాట్లాడుతున్న మాట. ఉత్తగా అన్నా అదే, ఊరి కోసమే అన్నా అదే. రెండూ ఒకే మాటలో పక్కపక్కన కాపురం చేస్తున్నాయని నాకు ఏ చదువులోనూ తట్టలేదు.

తర్వాత ఆమె నన్ను విచారణకు నిలబెట్టింది. "ఎవరికి రాస్తున్నవు ఉత్తగ?" పత్రికకు అన్నాను. "ఆ పత్రిక పంచుతరా, అమ్ముతరా?" అమ్ముతారు. "కాగితమోనికి పైసలిస్తరా?" ఇస్తారు. "అచ్చేసినోనికి?" ఇస్తారు. "మోసుకపోయే ఆటోకు?" ఇస్తారక్కా అన్నాను. "మరి లోపల రాసిన పిల్లకేమో పేరు. అంటే ఉత్త కాగితం కంటె అగ్గువ నీ మాట" అంది. చెంప ఛెళ్లుమన్నట్టయింది. ఆ వారమే ఆ పత్రికకు రాయడం మానేసి, గద్వాలలో గది తీసుకుని, ఆమె బల్లకు ఎదురుగా ఇంకో కుర్చీ వేసుకున్నాను.

ఉరుకుందక్క నేతగాళ్ల ఇంటి పిల్ల. ఏటికి అవతల ఉన్న ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. వాళ్ల నాయన గద్వాల చీరలు నేసేవాడు. ఆమెకూ మగ్గం వచ్చు, కానీ డిగ్రీ చదివి రాతలోకి వచ్చింది. రాసేటప్పుడు మాత్రం మగ్గం వదల్లేదు. ఏ వాక్యమైనా ముందు పైకి అనేది, ఎడమచేత్తో బల్ల మీద టక్ టక్ అని దరువు వేస్తూ. ఆ దరువు తప్పితే వాక్యం కొట్టేసేది. "నోరు తిరగని మాట చెయ్యి రాయొద్దు" అనేది. పెండ్లి పత్రిక అయినా, చీరల దుకాణం ప్రకటన అయినా అదే శ్రద్ధ. వాళ్ల నాయన దగ్గర మగ్గాల వీధి వాళ్లు చెప్పుకునే ముచ్చట్లన్నీ ఆమె ఏళ్ల తరబడి రాసిపెట్టుకుంది. పుస్తకంగా తేవాలని ఆమెకున్న ఒకే ఒక్క ఆశ. "మా నాయన చీరలు ఎవరెవరో కట్టుకుండ్రు. ఆయన మాటలు గూడ ఎవలన్న కట్టుకోవాలె గదా" అనేది. ఆ మాట అనేటప్పుడు మాత్రం ఆమె గొంతులో ఆ పెంకితనం ఉండేది కాదు.

ఇక మిల్లు సావుకారి. వాళ్ల తండ్రి జీవిత చరిత్ర రాయించుకోవాలని వచ్చాడు. వస్తూనే, "ఊరికే రాసియ్యి ఉరుకుందమ్మా. పెద్ద పెద్దోళ్లు వస్తరు ఫంక్షన్‌కు. నీకు పేరొస్తది" అన్నాడు. అక్క సోంపు డబ్బీ ఆయన ముందుకు జరిపి, "పేరు మా నాయన పెట్టిండు సావుకారీ. ఇంకోటి ఏం చేసుకుంట?" అంది. ఆయన ఊరుకోలేదు. కిటికీ బయటికి చెయ్యి చూపించి, "మరి బోర్డు మీద ఊరికే అని రాసుకుంటివి గదా!" అన్నాడు గెలిచినట్టు. అక్క చల్లగా, "ఊరికే అని ఉన్నది. సావుకారికే అని లేదు" అంది.

నేను నవ్వు ఆపుకోలేక కిందికి పరుగెత్తి బజ్జీల పొయ్యి దగ్గర నవ్వుకున్నాను. ఆయన కోపంగా మెట్లు దిగిపోయాడు. కానీ ఎక్కడికి పోతాడు? అక్కలాగా రాసేవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. మళ్లీ వచ్చాడు. ఈసారి అక్క తన షరతు చెప్పింది. మీ నాయన పుస్తకం నేను రాస్తాను, మీ బామ్మర్దికి ప్రెస్సుంది కదా, అందులో మా నాయన ముచ్చట్లు అచ్చు వేయండి, అదే నా కూలి. ఆయన ఒప్పుకున్నాడు. ఆ రోజు అక్క సాయంత్రం దాకా బల్ల మీద దరువు వేస్తూనే ఉంది.

ఆ రోజుల్లోనే ఇటిక్యాల దిక్కు ఒక పల్లె నుంచి కొందరు ఆడవాళ్లు వచ్చారు. కూలికి పోయేవాళ్లు, కౌలుకు మిర్చి వేసేవాళ్లు. వాళ్ల ఊరి నర్సమ్మకు బదిలీ అయిందట. వాన అనక, ఎండ అనక కాన్పులు చేసిన మనిషి. ఆమెకు సన్మానం చేస్తున్నాం, పత్రం రాసివ్వమన్నారు. ఇంటింటికీ తిరిగి పోగుచేసిన డబ్బు కొంగు ముడి విప్పి బల్ల మీద పెట్టారు. నాకు ప్రాణం ఉసూరుమంది. అక్క ఆ డబ్బు వద్దంటుందని ఎదురుచూశాను. అక్క తీసుకుంది. అంతా తీసుకుని సొరుగులో వేసుకుంది.

వాళ్లు వెళ్లగానే నేను లేచాను. "అక్కా, మీకు మనసెట్ల ఒప్పింది? వాళ్లకు ఊరికే రాయకపోతే ఇంకెవరికి రాస్తరు?" అని అరిచాను. అక్క కళ్లద్దాల మీదుగా చూసింది. "వాళ్లు అడిగిండ్రా ఉత్తగ రాయమని?" లేదన్నాను. "అది వాళ్లు నర్సమ్మకు పెట్టే కట్నం. నేను ఉత్తగ రాస్తే నేను పెట్టినట్టయితది. వాళ్ల చేతులకెల్లి గుంజుకున్నట్టయితది. గరీబోళ్లు అయితే ఇచ్చే హక్కు గూడ ఉండొద్దా?" తర్వాత ఆ సన్మానానికి నన్నూ తీసుకెళ్లింది. మిర్చి కూలీ ఒకామె ఆ పత్రం చదువుతుంటే, "ఇది మేం రాపిచ్చినం" అని ఒకరికొకరు చెప్పుకుంటూ ఆ ఆడవాళ్లు ఎంత నిటారుగా నిలబడ్డారో! ఉత్తగా రాసి ఉంటే ఆ మాట వాళ్ల నోట వచ్చేది కాదు. దయ కూడా ఒక్కోసారి దోపిడీ అవుతుందని నాకు అంతవరకూ తెలియదు.

మరి నువ్వు ఊరికే రాసేది ఎప్పుడక్కా అని విసుగొచ్చేదాకా అడిగాను. "రాసినంక అది ఎవరిదయితది, గది సూస్కో. ఒకనిదయితే కూలి తీస్కో. అందరిదయితే అడగకు" అంది. వినడానికి బాగానే ఉంది, నిజంగా అందరిదయ్యే రాత ఏముంటుందిలే అనుకున్నాను.

ఆ వానాకాలం కృష్ణ నిండుగా వచ్చింది. సావుకారి వాళ్ల నాయన పుస్తకం ఆఖరి ప్రకరణానికి వచ్చింది. ఆ సాయంత్రం ప్రెస్సుకు పోయే బండిలో ఆ పేజీలు పోవాలి. తెల్లారి మిల్లులో ఫంక్షన్. నమ్మకం లేక సావుకారి తానే వచ్చి అక్క ఎదురుగా కూర్చున్నాడు. అక్క రాస్తోంది, నేను సాఫు ప్రతి రాస్తున్నాను. అప్పుడు ఆటో మక్బూల్ భాయ్ తడిసి ముద్దయి మెట్లెక్కి వచ్చాడు. ఊర్లలో మైకు ప్రచారం చేసే మనిషి. "అక్కా, జర సూడే. పైన డ్యాం గేట్లెత్తిండ్రు. ఏటొడ్డు ఊర్లల్ల చెప్పమని తాసిల్దార్ ఆఫీసోళ్లు కాగితమిచ్చిండ్రు. పొద్దుగాల నుంచి తిరుగుతున్న, ఒక్కడు కదుల్తలేడు. అప్రమత్తం అంటే ఏంది అని నన్నే అడుగుతుండ్రు!" అన్నాడు. కాగితంలో ఇలా ఉంది: "నదీ పరివాహక ప్రాంత ప్రజలు అప్రమత్తముగా ఉండవలెనని ఇందుమూలముగా తెలియజేయనైనది."

అక్క ఒకసారి చదివింది. "ఏటి నడుమ దిబ్బల మీద ఎవలన్న ఉండ్రా?" అని అడిగింది. "గొర్లోళ్లు ఉండ్రక్కా. ఒడ్డుకు మోటర్లు తీస్కొనీకి గూడ దిగుతుండ్రు" అన్నాడు మక్బూల్. అక్క సావుకారి నాయన పేజీలను పక్కకు జరిపి తెల్లకాగితం తీసుకుంది. సావుకారి, "ఉరుకుందమ్మా, బండి పోతది!" అన్నాడు. ఆమె వినలేదు. ఎడమచెయ్యి బల్ల మీద దరువు మొదలుపెట్టింది. నేను అంత వేగంగా ఆమె రాయగా ఎన్నడూ చూడలేదు. రాసింది, పైకి చదివింది, ఒక మాట కొట్టేసింది, మళ్లీ చదివింది. "నా గొంతు పట్టు" అంటే నా ఫోనులో రికార్డు చేశాను. "నువ్వు పో ఆటోల. ఎవలు కదుల్తలేరో సూసి రా. మాట మార్చాలంటే ఫోన్ చెయ్యి" అంది. నేను మక్బూల్ పక్కన ఎక్కాను.

ఏటొడ్డుకు చేరి మైకు పెట్టాం. వానలో, నీళ్ల హోరులో అక్క గొంతు లేచింది.

"ఓ ఏటి కాడి అన్నా! దిబ్బ మీది గొర్ల మామా! నేను గద్వాల అక్కను. పైన గేట్లెత్తిండ్రు, నీళ్లు బయలెల్లినయి. పోయినసారి గింతే వచ్చె అనకు, గీసారి గట్ల లేదు. మోటరు కాడికి పోకు తమ్మీ. మోటరు పోతే ఇంకోటి దొరుకుతది, నువ్వు పోతే మీ ఇంట్ల ఇంకోడు లేడు. గొర్లను ముందుగాల తోలు మామా, అవి నీ ఎనక రావు, నువ్వే వాటెనక రావాలె. లే. చెప్పులు తొడుక్కోకు. లే."

నా ఒళ్లు జలదరించింది. ఇప్పుడు రాస్తుంటే కూడా జలదరిస్తోంది. మోకాలి లోతు నీళ్లలో మోటరు గొలుసు పట్టుకుని గుంజుతున్న ఒకతను ఆ చివరి "లే" వినగానే గొలుసు వదిలేసి, వెనక్కి చూడకుండా గట్టు ఎక్కాడు. దిబ్బ మీది నుంచి గొర్లు ఒక తెల్లని దుప్పటి కదిలినట్టు కదిలాయి. వాటి వెనక గొంగడి కప్పుకున్న ఒక ముసలాయన, ఆయన వెనక ఇంకో ఇద్దరు. వాళ్లు గట్టెక్కి ఊపిరి తీసుకునేసరికి, వాళ్లు నడిచి వచ్చిన ఇసుక దారి మీద ఎర్రనీళ్లు పారుతున్నాయి. ఆ ముసలాయన ఆటో దగ్గరికి వచ్చి మైకు లోపలికి తొంగి చూశాడు. "ఎవరు బిడ్డా అది? మా చెల్లె పిలిచినట్టయింది. పొద్దుగాల గూడ ఏందో అరిచిండ్రు గని, అది మాకు కాదనుకుంటిమి" అన్నాడు.

ఎన్ని సన్మానాలు చూశానో, ఎన్ని బహుమతి సభలకు రాసిచ్చానో! రాసిన మాటకు మనుషులు లేచి నడవడం మాత్రం ఆ ఒక్కరోజే చూశాను. పేరు లేదు, అచ్చు లేదు, కాగితం కూడా తడిసి మక్బూల్ జేబులో పిప్పి అయిపోయింది. రాత అంటే ఇంత పెద్దదా అని నేను ఆ గట్టు మీద వానలో నిలబడి ఏడ్చాను.

తిరిగి వచ్చేసరికి గదిలో అక్క ఒక్కతే చాయ్ తాగుతోంది. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంది. "సావుకారి పోయిండా?" అన్నాను. "పోయిండు. బండి గూడ పోయింది. ఆయన పుస్తకం ఆగింది, నాది గూడ ఇగ లేదన్నడు" అంది, పప్పులో ఉప్పు తక్కువైందన్నట్టు. నాకు మండిపోయింది. ఎన్నేళ్ల ఆశ అక్కా అంటూ ఆయనను తిట్టాను, మక్బూల్‌ను తిట్టాను, ఆఖరికి కృష్ణను కూడా తిట్టాను. ఆమె చాయ్ గ్లాసు దించింది. "అందరు ఎక్కిండ్రా గట్టుకు?" ఎక్కారక్కా అన్నాను. "మరి ఏడుపెందుకు పిల్లా? పుస్తకం ఏడికి పోతది? నీళ్లు ఆగుతయా?"

తర్వాత ఆ మాటలు రాసింది ఎవరని ఆఫీసు వాళ్లు మక్బూల్‌ను అడిగారట. అక్క ముందే చెప్పి పెట్టినట్టు, "మైకుకే తెల్వాలె సార్" అన్నాడట. ప్రతి వానాకాలం గేట్లెత్తిన రోజు ఆమె ఆ రికార్డు మక్బూల్‌కు మళ్లీ పంపించేది, నీళ్లను బట్టి ఒకటి రెండు మాటలు మార్చి. పుస్తకం మాత్రం రాలేదు. ఇంకే ప్రెస్సూ దొరక్క కాదు, సంపాదించుకున్నదానితో ఇల్లు గడవడమే సరిపోయేది. చివరికి దవాఖానలో మంచం మీద కూడా ఆ ముచ్చట్లలో ఒక వాక్యం దరువుకు సరిపోవట్లేదని నాతో కొట్టేయించింది. ఆమె పోయాక ఆ కాగితాల కట్ట నా దగ్గరికి వచ్చింది. మా ఇంట్లో బీరువా పై అరలో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు సిగ్గూ కోపమూ రెండూ వస్తాయి.

సాయంత్రం సావుకారికి నేనే ఫోను చేశాను. "రాసినంక అది ఎవరిదయితది సావుకారీ?" అని అడిగాను. ఆయనకు అర్థం కాలేదు. "మీ సంచిక ముందర మీ బొమ్మ ఉంటది, ఎనక మీ మిల్లు ప్రకటన ఉంటది. నడుమ మా అక్క. కాబట్టి ఊరికే రాయను. కూలి కావాలె" అన్నాను. "ఎంతనో చెప్పమ్మా" అన్నాడు, ఇంతేనా అన్నట్టు. "మీరు అప్పుడు ఒప్పుకున్నదే. అక్క పుస్తకం అచ్చు వేయండి" అన్నాను. అవతల మిల్లు చప్పుడు వినపడకుండా తలుపు మూసుకున్నాడు. నెమ్మదిగా, "ఆ రోజు గొర్లోళ్లు బతికిండ్రని నాకు తర్వాత తెలిసింది" అన్నాడు. "సంఘంల అడిగి చెప్త" అని పెట్టేశాడు.

ఏం చెబుతాడో నాకు తెలియదు. కిందికి చూస్తే పెయింటరు నిచ్చెన సర్దుకుని పోయాడు, "బడును" ఇంకా తడిగా మెరుస్తోంది. నేను బల్ల ముందు కూర్చుని, ఎడమచేత్తో దరువు వేస్తూ ఇది మొదలుపెట్టాను. ఇది ఆయన సంచికకు కాదు. గద్వాల బజారులో ఆ మెట్లెక్కిన వాళ్లకు, ఏటొడ్డున ఆ గొంతు విని ఆమె ఎవరో తెలియని వాళ్లకు, ఆమెను ఎన్నడూ చూడని మీకు. ఎవరైనా చదువుకోవచ్చు, మక్బూల్ భాయ్ మైకులో చదివినా సరే. దీనికి నేను కూలి అడగను. ఇది ఊరికే రాశాను.